నంబరు సరే... లోపల ఏముంది?

పాత ఇంజిన్ కొనబోయేవాళ్లు ముందుగా చూసేది ఇంజిన్ నంబరు. గుడ్డతో జిడ్డు తుడిచి, టార్చిలైటు వేసి, ఒక్కో అంకె పైకి చదువుకుంటారు. కాగితంలో ఉన్నదానితో సరిపోతే ‘హమ్మయ్య’ అనుకుని డబ్బు లెక్కపెట్టేస్తారు. మా మావయ్య కూడా అలాగే లెక్కపెట్టారు. ఆ తర్వాత మూడు రోజులపాటు మెకానిక్ షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఆయన నేర్చుకున్న పాఠమే ఈ వారం కబురు.

2009 వేసవి. నేను డిగ్రీ పరీక్షలు రాసి సెలవులకు వెళ్లాను. మావయ్యది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. బడిపంతులు. ఆయనకు 1998 మోడల్ మారుతి 800 ఉండేది. అది షోకు కోసం కొన్న బండి కాదు. అత్తయ్యకు వారానికి రెండుసార్లు గుంటూరులో డయాలసిస్. పొద్దున్నే తీసుకెళ్లడం, సాయంత్రం నీరసంగా ఉన్న మనిషిని వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకురావడం. బస్సులో అయ్యే పని కాదు.

ఓ రోజు మేడికొండూరు దగ్గర రేడియేటర్ పైపు పగిలి నీళ్లన్నీ కారిపోయాయి. వేడి ముల్లు ఎర్రగీత దాటింది. ‘ఆస్పత్రి టైము దాటిపోతుంది, ఇంకాస్త దూరమేగా’ అని మావయ్య ఆపకుండా లాగించారు. పేరేచర్ల చేరకముందే ఇంజిన్ పట్టేసింది. అత్తయ్యను ఆటో ఎక్కించి పంపి, బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. విప్పి చూస్తే హెడ్డు వంగింది, బ్లాకు పగులిచ్చింది. ‘బాగు చేయించే ఖర్చుతో పాత ఇంజినే వస్తుంది మాస్టారూ’ అన్నాడు మేస్త్రి.

పాత ఇంజిన్ల కొట్టులో ఒకటి దొరికింది. కొట్టతను బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేసి చూపించాడు. కుట్టుమిషనులా మెత్తగా నడిచింది. మూడు సిలిండర్లకీ కంప్రెషన్ గేజ్ పెట్టి చూపించాడు. మూడూ ఇంచుమించు ఒకటే. ‘కంపెనీ ఫిట్టింగు మాస్టారూ. ఇప్పటిదాకా విప్పని ఇంజిన్’ అన్నాడు. నంబరు కాగితంతో సరిపోయింది. ఇంకేం కావాలి?

షెడ్డుకు తెచ్చాక మేస్త్రి మాత్రం ‘విప్పి చూశాకే ఎక్కిస్తా’నన్నాడు.

‘బాగా నడిచేదాన్ని ఎందుకయ్యా విప్పడం? గురువారం గుంటూరు వెళ్లాలి’ అన్నారు మావయ్య.

‘గురువారం అమ్మగారిని ఎక్కించుకుని వెళ్లాలనేగా మాస్టారూ విప్పుదామంటున్నా’ అన్నాడతను.

పిస్టన్ నెత్తిన రాత

ముందు ఒక సంగతి చెప్పుకోవాలి. ఇంజిన్ నంబరు ఉండేది బ్లాకు మీద. బ్లాకంటే ఇల్లు. పిస్టన్లు, రాడ్లు, క్రాంకు, వాల్వులు అందులో అద్దెకున్నవాళ్లు. ఇంటి నంబరు చూసి లోపల ఎవరు కాపురముంటున్నారో చెప్పలేం. పదేళ్లు తిరిగిన ఇంజిన్‌లో పాతవాళ్లు ఎంతమంది మిగిలారో, కొత్తవాళ్లు ఎక్కడినుంచి వచ్చారో తలుపు తీస్తేగానీ తెలీదు.

మేస్త్రి మొదట ఆయిల్ చాంబర్ విప్పాడు. ఆయిల్ పీల్చే జాలీకి ఎర్రటి సిలికాన్ పేస్టు తునకలు అంటుకుని ఉన్నాయి. ‘ఇదీ మాస్టారూ విప్పని ఇంజిన్’ అని నవ్వాడు. జాయింట్లకు పేస్టు మరీ ఎక్కువ పూస్తే లోపలివైపు పొంగిన భాగం తెగి ఆయిల్లో పడుతుంది. అది జాలీకి అడ్డం పడితే ఆయిల్ పైకి ఎక్కదు. అంటే ఆ చాంబర్‌ని ఎవరో ఓసారి విప్పి, కంగారుగా మూసేశారన్నమాట.

తర్వాత హెడ్డు లేపాడు. మసి గీకి, కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే పిస్టన్ల నెత్తిన అక్షరాలు బయటపడ్డాయి. ఒకటో పిస్టన్ మీద 0.50. మూడో దాని మీదా 0.50. మధ్యలో ఉన్న రెండో దాని మీద మాత్రం ఎస్‌టీడీ.

మావయ్య మొహం పాలిపోయింది. చదువుకున్న మనిషి కదా, ఒక ఇంజిన్‌లో రెండు సైజుల పిస్టన్లేమిటని వెంటనే పట్టుకున్నారు.

ఆ అక్షరాల సంగతి ఇదీ. ఆ తరం మారుతి 800లో ఉండేది ఎఫ్8బి అనే మూడు సిలిండర్ల ఇంజిన్. సిలిండర్ వ్యాసం 68.5 మిల్లీమీటర్లు. పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం 72 మిల్లీమీటర్లు. లెక్క కడితే మూడూ కలిసి 796 సీసీ. తిరిగి తిరిగి సిలిండర్ గోడలు అరిగితే లేత్ షాపులో బోరింగ్ చేస్తారు. అంటే అరిగిన గోడను గుండ్రంగా చెక్కి, కాస్త పెద్దది చేస్తారు. దానికి తగ్గ పెద్ద పిస్టన్ వేస్తారు. పావు మిల్లీమీటరు పెద్దదైతే 0.25, అర మిల్లీమీటరైతే 0.50. అంగుళాల లెక్కలో పెరిగిన మేస్త్రులు వీటినే ‘పది’, ‘ఇరవై’ అంటారు. అంగుళంలో వెయ్యో వంతును ‘థౌ’ అంటారు, పది థౌలంటే దాదాపు పావు మిల్లీమీటరు. ఏ సైజూ పెంచని పిస్టన్ మీద స్టాండర్డ్ అనడానికి గుర్తుగా ఎస్‌టీడీ అని ఉంటుంది.

ఇంకో తమాషా. 800 అని పేరేగానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు అది 796 సీసీయే. ఒకసారి 0.25 బోరింగ్ చేయిస్తే 802 అవుతుంది. 0.50కి వెళితే 808. అంటే పేరుకు తగ్గట్టు 800 దాటాలంటే ఓసారి రిపేరుకు రావాల్సిందే!

మరి మధ్య సిలిండర్ ఒక్కటే స్టాండర్డ్‌గా ఎలా మిగిలింది? మేస్త్రి ఆ సిలిండర్ పై అంచు మీద వేలితో రాసి చూపించాడు. గోడ చుట్టూ సన్నని గీత. గాజు గ్లాసులో ఇంకో గ్లాసు దూర్చినట్టు. అది స్లీవు. ఎప్పుడో ఆ సిలిండర్ గోడ బోరింగుతో బాగుపడనంతగా దెబ్బతింది. బ్లాకు పారేయలేక, దాన్ని పెద్దగా చెక్కి, లోపల కొత్త ఇనుప గొట్టం బిగించారు. ఆ గొట్టాన్ని 68.5కే చెక్కి స్టాండర్డ్ పిస్టన్ వేశారు.

పాత ఇంజిన్ కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి మాట ఇక్కడుంది. పిస్టన్ మీద ఎస్‌టీడీ అని ఉన్నంత మాత్రాన ఆ ఇంజిన్ తక్కువ తిరిగినట్టు కాదు. స్లీవు వేసిన బ్లాకులోనూ ఎస్‌టీడీయే ఉంటుంది. అక్షరం చదివి ఊరుకోకుండా అంచు కూడా చూడాలి.

‘మోసం చేశాడు’ అని మావయ్య లేచారు. మేస్త్రి కూర్చోబెట్టాడు. ‘పని చేసినవాడు మోసం చేయలేదు మాస్టారూ. డబ్బుల్లేని ఎవరిదో బండిని బతికించాడు. స్లీవు పని శుభ్రంగా ఉంది. నేను దీన్ని కూడా 0.50కి చెక్కించి మూడింటికీ ఒకే సెట్టు వేస్తా. ఇది భయపడే సంగతి కాదు.’

భయపడాల్సింది వేరే ఉంది

భయపడే సంగతి మర్నాడు కిందివైపు విప్పినప్పుడు బయటపడింది.

పిస్టన్ని క్రాంకుతో కలిపే కడ్డీ కనెక్టింగ్ రాడ్. దాని కింది కొస క్రాంకును గుండ్రంగా పట్టుకుంటుంది. ఆ గుండ్రం రెండు సగాలుగా ఉంటుంది. పై సగం రాడ్డు, కింది సగం టోపీ లాంటి క్యాపు. బోల్టులతో బిగిస్తారు. ఫ్యాక్టరీలో రాడ్డుకు క్యాపును బిగించాకే ఆ రంధ్రాన్ని చెక్కుతారు. అందుకే ఏ క్యాపు ఆ రాడ్డుకే. మెకానిక్కులు విప్పేటప్పుడు తారుమారు కాకుండా రాడ్డు మీదా క్యాపు మీదా పంచ్‌తో చుక్కలు కొడతారు. ఒకటో దానికి ఒక చుక్క, రెండో దానికి రెండు, మూడో దానికి మూడు.

ఈ ఇంజిన్‌లో ఒకటో రాడ్డు సరిగ్గానే ఉంది. రెండు చుక్కల రాడ్డుకు మూడు చుక్కల క్యాపు ఉంది. మూడు చుక్కల రాడ్డుకు ఉన్న క్యాపు మీద అసలు చుక్కే లేదు. అది ఇంకే ఇంజిన్‌దో.

మేస్త్రి చేతిలో స్పానరు పక్కన పెట్టేశాడు. ‘దీన్ని ఇలా ఎక్కించను మాస్టారూ’ అన్నాడు.

ఎందుకంటే వేరే క్యాపు తగిలిస్తే రంధ్రం గుండ్రంగా రాదు. కంటికి తెలియదు, తేడా మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది. కానీ క్రాంకుకూ బేరింగుకూ మధ్య ఆయిల్ పొర నిలిచే సందు కూడా ఆ లెక్కలోదే. సందు ఎక్కువైన చోట ఆయిల్ జారిపోతుంది, తక్కువైన చోట లోహం లోహాన్ని రాస్తుంది. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు యాభై చుట్లు. బేరింగు వేడెక్కి అరిగిపోతుంది. పట్టేస్తుంది. అదృష్టం బాగోకపోతే రాడ్డు విరిగి, బ్లాకును పొడుచుకుని బయటికి వస్తుంది. దారి మధ్యలో, వెనక సీట్లో మనిషి పడుకుని ఉండగా.

చిత్రమేమిటంటే ఇదే ఇంజిన్ కొట్టులో కుట్టుమిషనులా నడిచింది. కంప్రెషన్ గేజ్ చూసేది పైభాగాన్ని. రింగులు, వాల్వులు, హెడ్డు ప్యాకింగు ఎలా ఉన్నాయో చెబుతుంది. కింద క్యాపు ఎవరిదో దానికేం తెలుసు? పైన కనిపించి మావయ్యను భయపెట్టిన పిస్టన్ ప్రమాదం లేనిది. చప్పుడు చేయకుండా కింద కూర్చున్న క్యాపు ప్రాణాల మీదికి తెచ్చేది.

మావయ్య కొట్టుకు వెళ్లి అడిగారు. ‘నంబరు చూసుకునే కదా పట్టుకెళ్లారు’ అని జవాబు. చివరికి బతిమాలితే రెండు రాడ్లు ఇచ్చాడు. వాటిని ఒకటో రాడ్డుతో సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. మేస్త్రి వాటిని సంచిలో వేసుకుని ఎక్కడికి తీసుకెళ్లాడనుకున్నారు? బంగారం కొట్టుకు! రాడ్ల బరువులో గ్రాముల తేడా ఉన్నా ఇంజిన్ వణుకుతుంది. ఆ రోజుల్లో ఆ ఊళ్లో గ్రాములు కచ్చితంగా తూచే కాటా అక్కడే ఉంది.

గురువారం గుంటూరుకు అద్దెకారులోనే వెళ్లారు. ఆ పై సోమవారానికి 800 సిద్ధమైంది.

మూడు రకాల చుట్టాలు

పాత ఇంజిన్‌లో మనం అనుకోని భాగం కనపడగానే గుండె జారిపోనక్కర్లేదు. అలాగని ‘నడుస్తోందిగా’ అని వదిలేయకూడదు. ఆ మేస్త్రి దగ్గర విన్నదీ, తర్వాత ఈ శీర్షిక కోసం ఎందరో మెకానిక్కుల దగ్గర విన్నదీ కలిపి చూస్తే ఈ అనుకోని చుట్టాలు మూడు రకాలు.

మొదటి రకం, మర్యాదస్తులు. పెద్ద సైజు పిస్టన్లు, సైజు తగ్గించిన క్రాంకుకు వేసిన మందపాటి బేరింగులు, స్లీవులు, వేరే కంపెనీ రింగులు. ఇవి ఇంజిన్‌కు గతంలో జరిగిన వైద్యం. కొలతలు సరిగ్గా ఉంటే నిక్షేపంగా వాడుకోవచ్చు. బేరింగు వీపు మీద సైజు అచ్చు వేసి ఉంటుంది. అక్కడ 0.25 అని కనపడితే క్రాంకును అంత మేర గ్రైండింగ్ చేశారని అర్థం. ఈసారి మీరు స్టాండర్డ్ బేరింగులు కొనుక్కొస్తే వదులైపోతాయి. అంటే ఈ రకాన్ని గుర్తుపట్టాల్సింది తిట్టడానికి కాదు, సరైన సామాను కొనడానికి.

రెండో రకం, దారి తప్పి వచ్చినవాళ్లు. ఒక మోడల్ ఇంజిన్‌లో ఇంకో మోడల్ భాగాలు. మారుతి ఓమ్నిలోనూ 796 సీసీ ఇంజినే. కానీ 800లో ఇంజిన్ ముందు అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది. ఓమ్నిలో ముందు సీట్ల కింద నిలువుగా ఉండి వెనక చక్రాలను తిప్పుతుంది. లోపలి సామానులో చాలా చుట్టరికం ఉన్నా బయట బిగించేవి అన్నీ కలవవు. ఇలాంటి చోట ‘ఎక్కింది కదా’ అన్నది పరీక్ష కాదు. ‘దీనికోసం చేసిందేనా’ అన్నదే పరీక్ష.

మూడో రకం, ప్రాణాంతకులు. జత తప్పిన రాడ్డు క్యాపులు, చోటు మారిన మెయిన్ బేరింగు క్యాపులు, వంగిన రాడ్లు, పగులు మీద వెల్డింగు పెట్టిన భాగాలు, ఒక ఇంజిన్‌లో బరువు కలవని పిస్టన్లు. పిస్టన్ మీద బాణం గుర్తు తిరగబడి ఉన్నా ఈ జాబితాలోకే వస్తుంది. ఆ బాణం ఇంజిన్ ముందువైపు, అంటే బెల్టు వైపు చూడాలి.

వంగిన రాడ్ల గురించి మన దగ్గర ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ... ఈ వరదల్లో కార్లు నీటమునగడం అందరం టీవీల్లో చూశాం. వరద నీళ్లలో బండి స్టార్ట్ చేస్తే గాలితో పాటు నీళ్లు సిలిండర్లోకి పోతాయి. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. పైకి వస్తున్న పిస్టన్ నీటిని కొట్టుకుని ఆగుతుంది, రాడ్డు వంగుతుంది. అలాంటి ఇంజిన్‌ను ఆరబెట్టి, ఆయిల్ మార్చి, పైన రంగేసి అమ్మితే కొన్నాళ్లు నడుస్తుంది కూడా. పట్టుకునే మార్గం తేలికే. హెడ్డు లేపాక ఒక్కో పిస్టన్ను పైకొసకు తెచ్చి, బ్లాకు అంచు నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవాలి. అన్నీ ఒకే ఎత్తులో ఆగాలి. ఒకటి కిందే ఆగిపోతే దాని రాడ్డు వంగిందని అనుమానించాలి.

796 అంటే ఏ 796?

‘సీసీ ఒకటేగా’ అన్న మాట పాత ఇంజిన్ల బేరంలో తరచూ వినపడుతుంది. దాన్ని నమ్ముకోవద్దు. 2000లో వచ్చిన ఆల్టో ఇంజిన్ కూడా 796 సీసీయే. కానీ అది ఎఫ్8డి. పాత 800లో సిలిండర్‌కు రెండు చొప్పున ఆరు వాల్వులు. దీనిలో నాలుగు చొప్పున పన్నెండు. హెడ్డు వేరు, క్యామ్ వేరు.

డీజిల్‌కు వస్తే 1248 సీసీ ఇంజిన్ పెద్ద ఉమ్మడి కుటుంబం. ఫియట్ రూపొందించిన ఈ 1.3 లీటర్ల ఇంజిన్ మన దేశంలో మారుతి స్విఫ్ట్, టాటా ఇండికా విస్టా, ఫియట్ పుంటో లాంటి ఎన్నో కార్లలో వచ్చింది. అందులో 75 హార్స్‌పవర్‌ది ఒక రకం, 90ది ఇంకో రకం. 90 దానికి ఉండేది లోపలి రెక్కల కోణం మార్చుకునే టర్బో. దాన్ని నడిపించే కంప్యూటర్ లెక్కలూ వేరే. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసింది. కానీ రోడ్ల మీద తిరిగేవి ఇంకా ఎన్నో. వాటికి పాత ఇంజిన్లు వెతుక్కునేవాళ్లూ ఎక్కువే. వీళ్లు టర్బో ఏ రకమో చూసుకోవాలి. ఇంజెక్టర్ల మీద ఉన్న కోడ్లను రాసుకుని బండి కంప్యూటర్లో ఎక్కించాలి. ఆ కోడ్ ఆ ఇంజెక్టర్ ఎంత డీజిల్ చిమ్ముతుందో చెప్పే జాతకం. పాత కోడ్లతోనే నడిపిస్తే పొగ, వణుకు తప్పవు.

ఇప్పటి చాలా ఇంజిన్లలో రాడ్డుకు క్యాపును కోసి వేరు చేయరు. ఒకే ముక్కగా చేసి, విరగ్గొడతారు. పగిలిన కొబ్బరిచిప్పల్లా ఆ రెండు సగాలూ ఒకదానితో ఒకటి మాత్రమే అతుకుతాయి. జత తప్పితే చుక్కలు చూడక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

కొనేముందు, ఎక్కించేముందు

కొట్టులో ఇంజిన్ పూర్తిగా విప్పనివ్వరు. అయినా చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆయిల్ పోసే మూత తీసి చూడండి. అడుగున మీగడలాంటి తెల్లటి నురగ ఉంటే ఆయిల్లో నీళ్లు కలిసి ఉండొచ్చు. బోల్టుల తలల మీద స్పానరు గీతలున్నాయా, జాయింట్ల దగ్గర రంగు రంగుల పేస్టు పొంగి ఉందా చూడండి. అల్యూమినియం హెడ్డును తుడవండి. ప్లగ్గు మరలు చెడితే లోపల తీగచుట్టలాంటి కొత్త మర వేసి ఉంటారు. అదీ మంచి పనే, కానీ ‘విప్పని ఇంజిన్’ అన్న మాట అబద్ధమని తెలుస్తుంది. కొత్తగా రంగు వేసిన బ్లాకును రెండుసార్లు చూడండి.

బేరంలో ఒక్క మాట ముందే మాట్లాడుకోండి. ‘విప్పి చూస్తాం, బ్లాకూ క్రాంకూ రాడ్లూ బాగోకపోతే తిరిగిస్తాం’ అని. బిల్లు మీద ఇంజిన్ నంబరుతో సహా రాయించుకోండి.

షెడ్డులో మీ మెకానిక్‌ను మూడు పనులు చేయమనండి. ఒకటి, చాంబర్, హెడ్డు విప్పి పిస్టన్ల మీద, బేరింగుల వీపు మీద ఉన్న అంకెలన్నీ రాయించడం. రెండు, రాడ్లు, క్యాపుల గుర్తులు జత కలిశాయో చూడటం. మూడు, కొలవడం. సిలిండర్‌ను పైన, మధ్యలో, కింద రెండు దిక్కులా కొలవాలి. క్రాంకు పిన్నును మైక్రోమీటరుతో చుట్టూ కొలవాలి. బేరింగు సందు కొలవడానికి ప్లాస్టిగేజ్ అనే సన్నని ప్లాస్టిక్ దారం దొరుకుతుంది. దాన్ని పిన్ను మీద పెట్టి, క్యాపు బిగించి, మళ్లీ విప్పితే నలిగి వెడల్పవుతుంది. ఎంత వెడల్పయితే సందు అంత తక్కువ. రాసి ఉన్నది చదవాలి, రాయనిది కొలవాలి. అంతే సూత్రం.

ఇక కాగితాలు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిలో మార్పు చేస్తే రవాణా అధికారుల అనుమతి కావాలి. ఇంజిన్ మారితే నంబరు మారుతుంది కాబట్టి కొత్త నంబరును ఆర్‌సీలో ఎక్కించాలి. బీమా కంపెనీకి తెలపాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున అదే వంకగా దొరుకుతుంది. అమ్మేవాణ్ని ఆ ఇంజిన్ ఏ బండిదో, ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దయిందో లేదో అడగండి. కాగితం లేని ఇంజిన్ చవగ్గా వస్తే, ఆ చవకకు కారణం పోలీసు స్టేషన్లో తెలియొచ్చు. తుక్కు బండ్ల కోసం 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. అలా రిజిస్టరైన తుక్కు కేంద్రాల నుంచి వచ్చిన సామానుకు కనీసం పుట్టుపూర్వోత్తరాలుంటాయి.

డాష్‌బోర్డులో కాగితం

మావయ్య బండి ఆ ఇంజిన్‌తోనే నాలుగేళ్లకు పైగా తిరిగింది. వారానికి రెండుసార్లు గుంటూరు. వానైనా ఎండైనా ఒక్క రోజు కూడా దారిలో ఆగలేదు. 2013 చివర్లో అత్తయ్య పోయారు. ఆ తర్వాత మావయ్య ఆ కారు తీయడం తగ్గించేసి, కొన్నాళ్లకు అమ్మేశారు.

అమ్మిన రోజు నేను అక్కడే ఉన్నాను. కొనుక్కున్నది ఓ కుర్రాడు. కొత్తగా పెళ్లయింది. మావయ్య తాళాలతో పాటు నాలుగు మడతలు పెట్టిన ఓ కాగితం ఇచ్చారు. బడిలో మార్కుల జాబితా రాసినంత శ్రద్ధగా రాసి ఉంది. పిస్టన్లు 0.50, మూడూ ఒకే సెట్టు. రెండో సిలిండర్‌కు స్లీవు ఉంది. క్రాంకు 0.25. రెండు, మూడు రాడ్లు మార్చినవి. కింద మేస్త్రి ఊరు, తేదీ.

కుర్రాడు నవ్వాడు. ‘ఇవన్నీ ఎందుకండీ, బండి బాగానే ఉందిగా’ అన్నాడు.

‘బాగానే ఉంది బాబూ. రేపు ఎప్పుడైనా విప్పితే, లోపల ఏముందో చూసి ఎవరూ కంగారు పడకూడదని’ అన్నారు మావయ్య.

మన దగ్గర పాత ఇంజిన్లలో వింతలు దొరకడానికి అసలు కారణం మోసం ఒక్కటే కాదు. చేసిన పని ఎక్కడా రాసి పెట్టకపోవడం. స్లీవు వేసినవాడు రాయలేదు. క్యాపు మార్చినవాడు రాయలేదు. కొన్నవాడు అడగలేదు. ఈసారి మీ బండి ఇంజిన్ విప్పినప్పుడు మెకానిక్ దగ్గర కూర్చుని ఏం వేశాడో, ఏ సైజు వేశాడో ఓ కాగితం మీద రాసి డాష్‌బోర్డులో పెట్టండి. ఆ బండి తర్వాత ఎవరి ఇంటికి వెళుతుందో, వెనక సీట్లో ఎవరిని పడుకోబెట్టి తీసుకెళతారో మనకు తెలియదు కదా.